మధుపంబు పోవునే... తర్వాత ఏంటి?

హన్మకొండ టేప్‌రికార్డర్:
పోతన "మందార మకరంద మాధుర్యమునఁ దేలు" పద్యం ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. నాకు మాత్రం మొదటి పాదం చివరి మాట దగ్గర వారం రోజులుగా బండి ఆగిపోతోంది. నోట్లో "మధుపంబు పోవునే మధువనములకు" అనే వస్తోంది. తుమ్మెద మధువనానికి పోక ఇంకెక్కడికి పోతుంది? తప్పని తెలుస్తోంది, ఒప్పేదో తట్టడం లేదు. ఇల్లు మారినప్పుడు పుస్తకం ఏ అట్టపెట్టెలో పడిందో.

ఇది గుర్తొచ్చిన సందర్భం వేరు. నేను పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండు పిచ్చివాణ్ణి. ఇప్పటి నిట్ అప్పట్లో ఆర్ఈసీ. ఆ హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర కాపీ చేసుకున్న క్యాసెట్లతో మొదలైంది. అన్నీ విన్నాను గానీ, 1969లో వచ్చిన 'ఉమ్మగుమ్మ' ఆల్బమ్ మాత్రం ఎందుకో పక్కన పెట్టేశాను. మొన్న కూర్చుని మొత్తం విన్నా. రెండు డిస్కులు. మొదటిది బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ కచేరీల్లో రికార్డు చేసింది, నాలుగే నాలుగు పాటలు. అది మందారమే, మాట లేదు. రెండోది స్టూడియో ప్రయోగం: బ్యాండులో నలుగురూ తలా సగం వైపు పంచుకుని ఎవరి ముక్క వాళ్లు చేసుకున్నారు. అందులో ఒకచోట గొంతుతో చేసిన చప్పుళ్లనే టేపు వేగం మార్చి ఎలుకలో ఉడతలో కొట్లాడుకుంటున్నట్టు వినిపించారు. నచ్చిందనలేను. నచ్చలేదందామంటే మూడుసార్లు విన్నాను. ఫ్రెండుతో ఈ మాట అంటే "మకరందం తాగినోడివి, నీకెందుకురా ఈ తిప్పలు" అని పద్యం ఎత్తుకుని, సరిగ్గా అక్కడే వాడూ ఆగిపోయాడు.

పరకాల పంతులు:
మదనములకు. గణాలు వేసి చూడండి. "మధుపంబు" సలం, "వోవునే" రగణం, ఆపైన రెండు సూర్యగణాలు రావాలి. మదన, ములకు. రెండూ నగణాలే, సరిపోయింది. మీ "మధువనములకు"లో ఒక లఘువు ఎక్కువ. యతి మాత్రం దానికీ కుదురుతుంది, మీ చెవి మోసపోయింది అందుకే. అన్నట్టు, పోవునే కాదు. వోవునే.

కాజీపేట గిటారు:
వోవునే అని ఎవరు చదువుతారు సార్? మా బాపు పోవునే అనే చదివేవాడు. రాగం తీసి మరీ.

పరకాల పంతులు:
ప్రథమ మీది పరుషానికి గసడదవలు వస్తాయి. బహుళం అన్నారు కాబట్టి మీ బాపుగారిది తప్పు కాదు. నాది ఒప్పు.

హన్మకొండ టేప్‌రికార్డర్:
పంతులు గారూ, వారం రోజుల టెన్షన్ తీర్చారు. అయితే ఇప్పుడు ఇంకోటి పట్టుకుంది. మదనం అంటే ఉమ్మెత్త అంటున్నాడు మావాడు. ఉమ్మగుమ్మకు ఉమ్మెత్త, పేర్లు కుదిరాయని నవ్వుకున్నాం గానీ, అంటే రెండో డిస్కు విషమనేనా? నాకు అంత మాట అనబుద్ధి కావడం లేదు.

తొర్రూరు టీచరమ్మ:
ఉమ్మెత్తే. అమరకోశంలో "ఉన్మత్తః కితవో ధూర్తో" అని మొదలయ్యే పేర్ల వరసలో చివరికి మదనం వస్తుంది. ఆ ఉన్మత్తమే మన నోట్లో ఉమ్మెత్త అయింది. పద్యం ఎత్తుగీతి చూడండి: "చింతనామృత పానవిశేష మత్త చిత్తము". ఒక మత్తులో ఉన్నది ఇంకో మత్తుకు పోదు అని చెప్పాలంటే మొదటి పాదంలో పిచ్చెక్కించే పువ్వే ఉండాలి. మత్తానికి ఉన్మత్తం ఎదురు. పోతన ఒక్క మాట కూడా ఊరికే వేయడు.

జగిత్యాల చూర్ణం:
టీచరమ్మ గారు వరస మధ్యలో పుస్తకం మూసేసినట్టున్నారు. అదే వనౌషధి వర్గంలో "శల్యశ్చ మదనే" అని ఇంకోటుంది. అది మంగ చెట్టు. మంగకాయను వైద్యులు మదనఫలం అంటారు, వాంతి చేయించడానికి వాడతారు. మకరందం తాగిన తుమ్మెదను వాంతి మందు దగ్గరికి పొమ్మంటే పోతుందా? నాకైతే ఇదే సరిగ్గా అతికినట్టుంది. ఆ ఎలుకల కొట్లాట ముక్కకు కూడా.

హన్మకొండ టేప్‌రికార్డర్:
అన్నా, అది మరీ అన్యాయం.

మంథని గట్టు:
మదనం అంటే మైనం కూడా, నిఘంటువు తీయండి. తేనె తాగే తుమ్మెద తేనె పిండేశాక మిగిలిన మైనానికి పోతుందా? మకరందానికి ఎదురు పెట్టాల్సింది పిప్పినే కదా. పైగా గ్రామఫోను రోజుల్లో పాటను ముందు మైనం మీదే చెక్కేవారు. టేప్‌రికార్డర్ గారి ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి జవాబు దొరకదు.

పరకాల పంతులు:
మైనం వద్దండీ. కోయిలకు మామిడి చిగురు కాకపోతే ఇంకో చెట్టు, హంసకు ఒక ఏరు కాకపోతే ఇంకో ఏరు. తుమ్మెదకు పువ్వు కాకపోతే ఇంకో పువ్వు ఉండాలి గానీ మైనపు ముద్ద ఏంటి? చేర్యాల బొమ్మలా.

మంథని గట్టు:
చేర్యాల బొమ్మలు మైనంతో చేయరు. రంపపు పొట్టు, చింతగింజల పిండి.

పరకాల పంతులు:
సరే, ఒప్పుకున్నా. మైనం మాత్రం ఒప్పుకోను.

కాజీపేట గిటారు:
నాకు అమరం రాదు గానీ ఒక డౌటు. టీచరమ్మ గారూ, చూర్ణం అన్నా, ఇద్దరూ మదనం చెడ్డదనే అంటున్నారు కదా. మరి రెండో పాదంలో రాయంచ "చనునే తరంగిణులకు" అన్నాడు. తరంగిణి అంటే మామూలు నది. నది చెడ్డదా? మందాకిని కాదు, అంతే. మూడో పాదంలో కుటజం ఒక కొండచెట్టు, నాలుగో పాదంలో నీహారం మంచు. ఏదీ విషం కాదు. మిగతా మూడింట్లో "దానికంటే తక్కువది" అని చెప్పి మొదటిదాంట్లో ఒక్కసారే "విషం" అంటాడా?

తొర్రూరు టీచరమ్మ:
తమ్మీ, ఇది మంచి మాటే. నేను ఇలా ఎప్పుడూ చూడలేదు.

జగిత్యాల చూర్ణం:
ధర్మపురిలో గోదావరి మెట్ల మీద పెరిగినవాణ్ణి నేను. గోదావరిని "తక్కువది" లెక్కలో కట్టడానికి పోతనకైనా ఒప్పుకోను.

పరకాల పంతులు:
కుటజం కొడిసెపాల. చేదు. కోయిల గొంతుకు చేదు పడదని భావం. కాబట్టి అది ఊరికే వేరే చెట్టు కాదు.

తొర్రూరు టీచరమ్మ:
చేదు బెరడులో ఉంటుంది పంతులు గారూ, పువ్వులో కాదు. మేఘసందేశంలో యక్షుడు మబ్బుకు అర్ఘ్యం ఇచ్చింది ఏ పూలతో? "కుటజకుసుమైః". అప్పుడే విచ్చిన కొడిసె పూలు. కాళిదాసు చేతిలో పూజకు పనికొచ్చిన పువ్వు పోతన చేతిలో కోయిల ముఖం తిప్పుకునే చెట్టయింది. దోషం పువ్వులో లేదు, ఎవరి ఎదురుగా పెట్టామన్నదాంట్లో ఉంది. ఈ లెక్కన నా ఉమ్మెత్త వాదనే కొంచెం వదులైందని ఒప్పుకుంటున్నా. కొంచెమే.

మంథని గట్టు:
సంస్కృత భాగవతం మూలంతో పోల్చి తేల్చుకోవచ్చు కదా?

పరకాల పంతులు:
మూలంలో ఈ నాలుగు పోలికలూ లేవు. అక్కడ ప్రహ్లాదుడు గురుపుత్రుడికి చెప్పేది అయస్కాంతం వైపు ఇనుము తిరిగినట్టు అని. మందారం నుంచి నీహారం దాకా అంతా పోతన సొంతం. అందుకే అడగడానికి ఎవరూ లేరు.

కాజీపేట గిటారు:
అయస్కాంతమా! సార్, ఎలక్ట్రిక్ గిటారులో పికప్ అంటే అదే పని. అయస్కాంతం మీద ఉక్కు తీగ కదిలితేనే మోగుతుంది. మూలమే రాక్ మ్యూజిక్ వైపు ఉందన్నమాట.

తొర్రూరు టీచరమ్మ:
ఇంకో సంగతి. పోతన భాగవతం కంటే ముందు వీరభద్ర విజయం రాసినవాడు. భాగవతంలో కూడా "చేతులారంగ శివునిఁ బూజింపఁడేని" అని ముందు శివుణ్ణే తలుచుకుని, తర్వాతే "నోరు నొవ్వంగ హరికీర్తి" అన్నాడు. ఉమ్మెత్త శివుడి పువ్వు. మా ఇంట్లో శివరాత్రికి పెరట్లోంచి కోసుకొచ్చి పెట్టేది ఉమ్మెత్తే. అలాంటివాడు దాన్ని విషమని తీసిపారేస్తాడా? "నీది అది, నాది ఇది" అన్నాడంతే. కాబట్టి అర్థం ఉమ్మెత్తే, భావం తిట్టు కాదు. ఇది నా తుది మాట.

జగిత్యాల చూర్ణం:
ఆ లెక్కకొస్తే అమరంలో మందారం పేరు జిల్లేడుకు కూడా ఉంది. అదీ శివుడి పువ్వే. అప్పుడు పద్యం "జిల్లేడు తేనె తాగే తుమ్మెద ఉమ్మెత్తకు పోతుందా" అని మొదలవుతుంది. ఎవరైనా చదువుతారా?

పరకాల పంతులు:
దేవతరువు మందారాన్ని జిల్లేడు చేసేశారు. ఇక పడుకుంటే మంచిది.

ఒంటిమిట్ట కోదండం:
మా పోతనను మీరంతా ఇంత శ్రద్ధగా చదువుతున్నందుకు సంతోషం.

తొర్రూరు టీచరమ్మ:
బాబూ, పాలకుర్తి నుంచి బమ్మెర ఎంత దూరమో రండి, నడిపించి చూపిస్తా. ఇక్కడ మాత్రం పోతనది ఏ ఊరన్న తగువు తేవద్దు. దానికి వేరే దారం ఉంది, రెండేళ్లయినా తెగలేదు.

హన్మకొండ టేప్‌రికార్డర్:
నా సంగతి ఎవరికైనా గుర్తుందా? గిటారు తమ్ముడు చెప్పిన తరంగిణి మాటతో నాకు కొంచెం దారి కనబడింది. మొదటి డిస్కులో "కేర్‌ఫుల్ విత్ దట్ యాక్స్, యూజీన్" మెల్లగా గుసగుసగా మొదలై, ఉన్నట్టుండి వాటర్స్ పెట్టే కేక వస్తుంది. అది విన్నాక చెవికి ఇంకేదీ ఆనదు. రెండో డిస్కులో మేసన్ డ్రమ్ముల ముక్క వస్తుంటే మనసు మళ్లీ ఆ కేక దగ్గరికే పోతుంది. వేరేచోట విని ఉంటే ఆ డ్రమ్ములు కూడా బాగానే ఉండేవేమో. గిల్మోర్, వాటర్స్ ఇద్దరూ తర్వాత రోజుల్లో ఈ ఆల్బమ్‌ను గట్టిగానే తీసిపారేశారు. చేసినవాళ్లే ఛీ అన్నదాన్ని నేను వెనకేసుకు రావాలా? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

పరకాల పంతులు:
నలుగురు తలా ఒక భాగం చేస్తే ఇంతే. భాగవతం కూడా అంతే కదా. పంచమ స్కంధం గంగన, షష్ఠం సింగన, ఏకాదశ ద్వాదశాలు నారయ. పోతన కాదని వాటిని చదవకుండా వదిలేస్తామా?

కాజీపేట గిటారు:
వదిలేస్తాం సార్. నిజం చెప్పాలంటే అందరం వదిలేశాం. పంచమంలో ఒక్క పద్యం చెప్పండి చూద్దాం, పుస్తకం తీయకుండా.

పరకాల పంతులు:
రేపు చెప్తా.

మంథని గట్టు:
పైగా అక్కడ ఉన్న ఖాళీని ముగ్గురు పూరించారు. ఇక్కడ నలుగురూ ఎదురెదురుగా ఉండి కూడా ఎవరి గదిలోకి వాళ్లు పోయారు. పోలిక అతకలేదు. ఇలాంటివి తూచి చెప్పాలంటే సదాశివ సారు ఉండాల్సింది. ఆదిలాబాద్‌లో కూర్చుని హిందుస్తానీ గొంతుల గురించి రాస్తే, పాట వినకముందే వినిపించేది. పింక్ ఫ్లాయిడ్ ఆయనకు నచ్చకపోవచ్చు. ఎందుకు నచ్చలేదో మాత్రం చదివినవాడు మరచిపోయేవాడు కాదు.

జగిత్యాల చూర్ణం:
పువ్వు దగ్గరికే వస్తా. మదనం ఉమ్మెత్తే అనుకున్నా, అది విచ్చేది సాయంత్రం పూట. చీకటి పడ్డాక పెద్ద రెక్కపురుగు వచ్చి తాగుతుంది. ఆ వేళకు తుమ్మెద ఎప్పుడో ఇల్లు చేరుతుంది. పోదు కాదు, పోవడానికి టైమే కుదరదు.

తొర్రూరు టీచరమ్మ:
పొద్దున ఏడింటికి మా పెరట్లో ఉమ్మెత్త పువ్వులోంచి తేనెటీగ కాళ్ల నిండా పుప్పొడితో బయటికి రావడం నేనే చూశాను. మీరు పొద్దున లేచి చూడండి.

హన్మకొండ టేప్‌రికార్డర్:
తుమ్మెద అన్నారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. రెండో డిస్కులో నాకు నిజంగా నచ్చింది ఒక్కటే, వాటర్స్ పాడిన "గ్రాంట్‌చెస్టర్ మెడోస్". ఒక గిటారు, మెల్లటి గొంతు, వెనకాల మొదటి నుంచి ఆగకుండా స్కైలార్క్ పిట్ట కూత. నిన్న రెండు స్పీకర్లలో పెట్టి వింటున్నా. చివర్లో జుయ్యిమని ఒకటి ఎడమ నుంచి కుడికి తిరుగుతుంది. బియ్యం ఏరుతున్న మా అమ్మ చాట పక్కన పెట్టి, పేపరు మడత పెట్టి లేచింది. "ఎక్కడ్నో ఈగ మోగుతంది బిడ్డ" అని స్పీకరు వెనక వెతుకుతోంది. అంతలో పాటలోనే ఎవరో దడదడా నడిచొచ్చి టప్పున ఒక్కటి వేస్తారు. అమ్మ తన చేతిలో పేపరు వైపు చూసుకుంది.

కాజీపేట గిటారు:
అన్నా, అది ఈగ కాదు, తుమ్మెదే. ఆ బొంగురు మోత ఈగకు రాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

మంథని గట్టు:
తుమ్మెదైతే పద్యానికి జవాబు దొరికినట్టే. మధుపంబు వోవునే అంటే, పోయింది. పోయి దెబ్బ తిన్నది.

జగిత్యాల చూర్ణం:
నేనూ ఇప్పుడే విన్నా. ఈగే.

పరకాల పంతులు:
మధుపం అంటే మధువు తాగేది. ఆ మోతలో అది ఏం తాగిందో తెలియదు కాబట్టి దాన్ని మధుపం అనలేం.

హన్మకొండ టేప్‌రికార్డర్:
అమ్మకు పద్యం మొత్తం చదివి వినిపించి, మదనాలంటే ఏంటే అని అడిగా. "ఏవో పువ్వులే గదా. గని ఆ ఈగ సచ్చిందా లేదా?" అంది.

కాజీపేట గిటారు:
తుమ్మెద.