చూపు తగ్గినవాళ్లకు ఆన్‌లైన్ ఉద్యోగ శిక్షణ: చేరినవాళ్లు కాస్త చెప్పండి

వరంగల్_బీకాం: ఆర్‌పీ అనే రెటీనా జబ్బు వల్ల నాకు చూపు బాగా తగ్గింది. కంప్యూటర్, ఇంగ్లిష్, ఇంటర్వ్యూ అన్నీ ఇంటి నుంచే నేర్పే కోర్సులో చేరదామనుకుంటున్నా. ఫోన్లో తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ అలవాటే. ల్యాప్‌టాప్ లేకుండా నెట్టుకురావచ్చా?

కీబోర్డు_రాణి: ఫోన్లో క్లాసు వినొచ్చు తమ్ముడూ, ఎక్సెల్ మాత్రం చేతికి రాదు. సెకండ్ హ్యాండ్‌దైనా ల్యాప్‌టాప్ చూసుకో. స్క్రీన్ రీడర్లలో, అంటే కంప్యూటర్ తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లలో, ఎన్‌వీడీఏ ఉచితం కాబట్టి డబ్బు పెట్టి జాస్ కొనాలన్న టెన్షన్ ఇప్పుడే వద్దు. దాని కమాండ్లకు వాడే ఇన్సర్ట్ కీ లేకపోతే క్యాప్స్ లాక్‌ను ఎన్‌వీడీఏ కీగా పెట్టుకోవచ్చు. అసలు తలనొప్పి క్లాసులో మొదలవుతుంది. ఒకపక్క సారు, ఇంకోపక్క ఎన్‌వీడీఏ ఒకేసారి మాట్లాడుతుంటే రెండూ బుర్రకెక్కవు. నేను క్లాసు ఫోన్లో విని, ల్యాప్‌టాప్‌లో ప్రాక్టీసు చేసేదాన్ని.

విశాఖ_బ్యాంకు: డబ్బు కట్టే ముందు ఒక డెమో క్లాసు అడగండి. నేను మొదట చేరిన చోట సారు స్క్రీన్ షేర్ చేసి "ఇదిగో, ఇక్కడ క్లిక్ చేయండి" అనేవారు. ఏ కీ నొక్కాలో చెప్పేవారే కాదు! పైగా తెలుగు నోట్సు 'అను' అనే పాతరకం ఫాంట్లలో కొట్టిన పీడీఎఫ్. స్క్రీన్ రీడర్‌కు అదంతా అర్థంలేని గుర్తుల గోల. స్క్రీన్ రీడర్ చదవగలిగే యూనికోడ్‌లో ఇస్తారో లేదో ముందే తేల్చుకోండి.

వరంగల్_బీకాం: ఎన్‌వీడీఏ తెలుగు చదువుతుందా?

విశాఖ_బ్యాంకు: చదువుతుంది, దాంతో వచ్చే ఈస్పీక్ అనే చదివే గొంతులో తెలుగు ఉంది. గొంతు రోబోలా ఉంటుంది, అలవాటైపోతుంది.

గుంటూరు_లోవిజన్: కాస్త చూపు ఉన్నా స్క్రీన్ రీడర్ ఇప్పుడే నేర్చుకోండి. నేను చాలాకాలం తెరను పెద్దగా చూపే మాగ్నిఫైయర్‌నే పట్టుకుని వేలాడాను, సాయంత్రానికి కళ్లు మండిపోయేవి. వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ లేకపోతే దానికీ ఇప్పుడే అప్లై చేయండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 4 శాతం రిజర్వేషన్, ఆ నాలుగులో 1 శాతం చూపు లేనివాళ్లకు, తగ్గినవాళ్లకు. పరీక్షలో మనం చెబితే రాసిపెట్టే మనిషిని (స్క్రైబ్) పెట్టుకోవచ్చు, గంటకు 20 నిమిషాలు అదనం. కోర్సు చేస్తూనే నోటిఫికేషన్లు చూస్తుండండి.

వరంగల్_బీకాం: కార్డు ఉందండీ. ప్రైవేటు ఇంటర్వ్యూలో "కనబడకుండా పనెలా చేస్తారు?" అంటే?

కీబోర్డు_రాణి: చేసి చూపించు. స్క్రీన్, సౌండ్ రెండూ షేర్ చేసి, ఒక మెయిల్ తెరిచి జవాబు రాయి. ఎన్‌వీడీఏ వేగం తగ్గించు, మన స్పీడుకు వాళ్లకు ఒక్క ముక్కా అందదు. ఏ సాఫ్ట్‌వేర్ మీద పనో కూడా అడుగు. కొన్ని కంపెనీల సొంత సాఫ్ట్‌వేర్లలో బటన్లకు పేర్లే ఉండవు, ఎన్‌వీడీఏ "బటన్, బటన్" అంటూ పోతుంది. చేరకముందే ఒకసారి నడిపి చూస్తానని అడుగు. మొహమాటపడకు.