దిద్దని స్కాన్ ప్రతిని పాఠకుడికి ఇవ్వవచ్చా?

పేజీల కాపరి:

చూపు లేనివారికీ, అచ్చు పుస్తకం చదవలేని ఇతరులకూ ఉద్దేశించిన ఒక డిజిటల్ గ్రంథాలయానికి నేను పుస్తకాలు స్కాన్ చేసి ఇస్తుంటాను. ఒక పూటలో స్కాన్ అయిపోయే పుస్తకాన్ని అక్షరమక్షరం సరిచూడడానికి వారాలు పడుతున్నందువల్ల, దిద్దుబాటు కోసం కాచుకుని ఉన్న ఫైళ్లు మా దగ్గర పేరుకుపోతున్నాయి. ఓసీఆర్ (పేజీ బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్) తీసిచ్చిన పాఠాన్ని దిద్దకుండానే గ్రంథాలయంలో చేర్చేద్దామని మా స్వచ్ఛంద సేవకుల్లో కొందరు అంటున్నారు. నేను దీనికి ఒప్పుకోలేకపోతున్నాను.

పేజీకి 2,000 అక్షరాలు ఉన్నాయనీ, ఓసీఆర్ నూటికి 99 అక్షరాలను సరిగా గుర్తిస్తుందనీ అనుకుందాం. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, పేజీకి 20 తప్పులు, 200 పేజీల పుస్తకానికి 4,000 తప్పులు తేలుతాయి. అన్ని తప్పులున్న అచ్చుప్రతిని మనం కొంటే మర్నాడే వెనక్కి ఇచ్చేస్తాం. చూపు లేనివారికి మాత్రం ఉచితంగానే ఇస్తున్నాం కదా అని అదే సరుకు అంటగట్టడం చిన్నచూపు తప్ప సేవ కాదని నా అభిప్రాయం.

వినే చదువరి:

కాపరి గారూ, మీ లెక్కతో నాకు పేచీ లేదు. నేను పుట్టుకతోనే చూపు లేనివాడిని, చదువంతా తెర మీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మీదే సాగింది. దిద్దని పుస్తకం ఇవ్వడం చిన్నచూపైతే, అది నాకు పనికి వస్తుందో రాదో నన్ను అడగకుండా మీరే తేల్చేయడాన్ని ఏమనాలి? పరీక్ష మూడు వారాల్లో ఉండగా కావలసిన పుస్తకం ఎదుట ‘దిద్దుబాటులో ఉంది’ అని కనిపిస్తే నేను కాచుకుని కూర్చోను. అదే పుస్తకాన్ని నేనే స్కానర్ మీద పెట్టుకుంటాను. పేజీ వంకరగా పడిందో, వెన్ను దగ్గర అక్షరాలు నీడలో కలిసిపోయాయో నాకు తెలియదు కనుక, మీరు దాచిపెట్టిన ప్రతికంటే ఎన్నో రెట్లు తప్పులున్న ప్రతిని చదువుతాను. ఇంకెక్కడో మరొకరు అదే పుస్తకంతో అదే పాట్లు పడుతుంటారు.

2002లో బుక్‌షేర్ అనే ఇలాంటి డిజిటల్ గ్రంథాలయం మొదలైంది సరిగ్గా ఈ వృథా శ్రమను తప్పించడానికే. చదివే యంత్రాలు ఉన్నవారు ఎవరికి వారు ఇళ్లలో స్కాన్ చేసుకుంటున్న పుస్తకాలను ఒకచోట చేరిస్తే, ఒకరు పడిన శ్రమ అందరికీ అందుతుందన్నది అప్పటి ఆలోచన. తొలినాటి స్కాన్ ప్రతుల్లో తప్పులుండేవి. అందుకే ఏ ప్రతి నాణ్యత ఎంతో గుర్తు వేసి మరీ పాఠకులకు ఇచ్చారు. ‘పుస్తకాల కరువు’ అన్న మాట మా వాళ్ల నోట ఊరికే పుట్టలేదండీ.

దిద్దుబాటు బల్ల:

కొన్నేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నదానిగా చెబుతున్నాను, మీరిద్దరూ తప్పులన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. నాలుగు హల్లులు కలగాపులగమై ఏ మాటా కాకుండా పోతే వినేవారికి అక్కడ ఏదో చెడిందని వెంటనే తెలుస్తుంది. ‘పేరు’ కాస్తా ‘వేరు’ అయినప్పుడు గానీ, ‘పాడు’ అన్నది ‘వాడు’ అయినప్పుడు గానీ స్క్రీన్ రీడర్ తడబడదు, అదే నిబ్బరంతో చదువుకుంటూ పోతుంది. అంకెల సంగతి మరీ ప్రమాదకరం. దశాంశ బిందువు ఎగిరిపోయిన మందు మోతాదును విని ఎవరూ అనుమానించలేరు. ఆ ఒక్క తప్పు నా దృష్టిలో కాపరి గారి 4,000 తప్పులకంటే బరువైనది.

అక్షరాలన్నీ సరిగా ఉన్నా చదవడానికి వీలుకాని పుస్తకాలు ఇంకో రకం. ప్రతి పేజీ పైనా అచ్చయిన అధ్యాయం పేరు, అడుగున ఉన్న పేజీ సంఖ్య వాక్యం మధ్యలోకి చొరబడతాయి. పేజీ అడుగు గమనికలు ఏ పేరాలోకో వచ్చి కూర్చుంటాయి. రెండు వరుసల్లో అచ్చయిన పేజీని ఓసీఆర్ అడ్డంగా చదివితే సగం వాక్యం ఇటుది, సగం అటుది అవుతుంది. శీర్షికలను శీర్షికలుగా గుర్తించకపోతే 600 పేజీల శాస్త్ర గ్రంథంలో తొమ్మిదో అధ్యాయానికి వెళ్లే దారే ఉండదు. డైసీ అనే డిజిటల్ పుస్తకాల ప్రమాణం పుట్టిందే ఇలా అధ్యాయం నుంచి అధ్యాయానికి, పేజీ నుంచి పేజీకి దూకే వీలు కల్పించడానికి. ఈ పనులు ఒక పుస్తకానికి రెండు మూడు గంటల్లో అయిపోతాయి, వారాలు పట్టవు. కథలూ నవలలూ అంతవరకు సవరించి, ‘పూర్తిగా దిద్దలేదు’ అని మొదటి పేజీలోనే చెప్పి ఇచ్చేయవచ్చు. వైద్యం, చట్టం, గణితం మాత్రం రెండో మనిషి మూలంతో పోల్చి చూసేదాకా బయటికి పంపకూడదు.

కొత్త సభ్యుడు:

ప్రచురణకర్తల దగ్గర ఫైలు ఎలాగూ ఉంటుంది కదా, అది అడిగి తీసుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా?

దిద్దుబాటు బల్ల:

కొత్త పుస్తకాలకు మీరన్నదే సరైన దారి, బుక్‌షేర్ కూడా తరువాత ఆ దారే పట్టింది. మా బల్ల మీదకు వచ్చేవి ఎక్కువగా ఫైలన్నదే లేని పాత పుస్తకాలు.

పేజీల కాపరి:

బల్ల గారి విభజన సబబుగానే ఉంది, శాస్త్ర గ్రంథాలూ నవలలూ ఒకటి కావని ఒప్పుకుంటున్నాను. నా అసలు భయం మాత్రం వేరే. నాలుగేళ్ల కిందట తొందరపెడితే ఒక నవలను దిద్దకుండా ఇచ్చాను. తరువాత దిద్దుదాంలే అన్నవాళ్లలో ఒక్కరూ దాని ముఖం చూడలేదు, నాతో సహా. జాబితాలో పేరు కనబడుతుంది కనుక మరెవరూ దాన్ని స్కాన్ చేయరు కూడా. చూపు లేనివారి కోసం చేసిన ప్రతులకు కాపీహక్కు అడ్డురాకుండా చూసే అంతర్జాతీయ మారకేష్ ఒప్పందం 2016 సెప్టెంబరు 30న అమలులోకి వచ్చాక ఇలాంటి ప్రతులు అందులో చేరిన దేశాల మధ్య సరిహద్దులు దాటి వెళ్లగలుగుతున్నాయి. మంచిదే, కానీ నా తప్పులు కూడా వాటితోపాటే ప్రయాణం చేస్తాయి.

వినే చదువరి:

ఆ నవల నేను చదివానేమో కూడా! ఒక సంగతి ఆలోచించండి. 2000లో మొదలైన డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్ అనే వెబ్‌సైటులో స్వచ్ఛంద సేవకులు కాపీహక్కు తీరిన పుస్తకాలను తలా ఒక పేజీ పంచుకుని, పేజీ బొమ్మను పక్కన పెట్టుకుని దిద్దుతారు. నేను బొమ్మను చూడలేను కనుక ఆ పద్ధతిలో నాకు చోటు లేదు. అయితే వింటున్నప్పుడు అర్థం తెగిన చోటు నాకు ఇట్టే తెలుస్తుంది. అక్కడ ఒక మీట నొక్కి గుర్తు పెట్టే వీలుంటే, చూపున్న మనిషి పుస్తకమంతా తిరగేయకుండా నేను గుర్తు పెట్టిన చోట్లే మూలంతో పోల్చుకోవచ్చు. బల్ల గారు చెప్పిన ‘పేరు’, ‘వేరు’ నాకూ అన్నిసార్లూ దొరకవు. సందర్భం పట్టిచ్చినవి దొరుకుతాయి. పుస్తకాన్ని తాళం వేసి ఉంచితే అవి కూడా దొరకవు.

దిద్దుబాటు బల్ల:

కాపరి గారూ, ఆ నవల మూల స్కాన్ బొమ్మలు మీ దగ్గర ఇంకా ఉన్నాయా? ఉంటే నాకు పంపండి. చదువరి గారు మొదటి మూడు అధ్యాయాలు విని అనుమానం వచ్చిన చోట్లు రాసిస్తే, వాటిని సరిచూడడానికి నాకు ఎంతసేపు పట్టిందో, వారి చెవికి చిక్కకుండా ఎన్ని తప్పులు జారిపోయాయో లెక్క రాసి ఇక్కడే పెడతాను.