వాడిన బ్రెస్ట్ పంపు తీసుకోవచ్చా?

ప్రశ్న: ఇంకొకరు వాడిన ఎలక్ట్రిక్ పంపుకి ట్యూబులు, రొమ్ముకి ఆనించే ఫన్నెల్ కొత్తవి వేసి, మిగతావి మరిగిస్తే సరిపోదా?

జవాబు: మోటారును మరిగించలేం కదండీ! ఓపెన్ సిస్టమ్ పంపులో పాలకీ మోటారుకీ మధ్య అడ్డుండదు. పాల తుంపరలు, తేమ ట్యూబు గుండా లోపలి డయాఫ్రమ్ (పీల్పు పుట్టించే పొర) దాకా వెళ్లి బూజు పట్టొచ్చు. దాన్ని విప్పి కడిగే వీల్లేదు. పాలలో సీఎంవీ (సైటోమెగలోవైరస్), హెచ్‌ఐవీ లాంటి వైరస్‌లూ ఉండొచ్చు. అందుకే ఒక్కరి కోసం చేసిన పంపును పంచుకోవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది.

ప్రశ్న: మరి క్లోజ్డ్ సిస్టమ్ పంపు అయితే?

జవాబు: అది కొంత నయం, పాలకీ మోటారుకీ మధ్యలో అడ్డుపొర ఉంటుంది. కానీ ఆ పొర సన్నగా చిరిగినా పైకి తెలీదు. ఇంకోటి, మోటారు అరిగితే పీల్పు తగ్గుతుంది. రొమ్ము పూర్తిగా ఖాళీ కాదు. తల్లేమో తనకే పాలు తగ్గాయని కంగారుపడుతుంది.

ప్రశ్న: మరి అద్దెకిచ్చేవి?

జవాబు: అవి వేరు. పంపు మీద ‘మల్టీ యూజర్’ (ఎక్కువమంది వాడదగినది) అని ఉందో లేదో చూడండి. మోటారు ఒకటే అయినా కిట్ ఎవరిది వాళ్లదే: ఫన్నెల్, వాల్వు, మెంబ్రేన్, ట్యూబు, సీసా. వాడిన ప్రతిసారీ పాలు తగిలిన భాగాలు విడిగా ఉంచుకున్న గిన్నెలో కడగండి, సింకులో వద్దు. బిడ్డకి 2 నెలల్లోపైతే రోజుకోసారి 5 నిమిషాలు మరిగించండి. ట్యూబులో తేమ కనిపిస్తే పంపును కాసేపు ఖాళీగా నడపండి. ట్యూబులో నల్లచుక్కలు కనిపిస్తే మాత్రం కడగొద్దు, ఆ ట్యూబును పారేయండి.