ఐడిల్‌లో బండి వణుకుతుంటే ముందు ఎయిర్‌ఫ్లో సెన్సర్ కడగాలా, వద్దా?

స్పానర్14 (విజయవాడ):
అందరికీ నమస్కారం. 2004 కరోలా 1.8 పెట్రోల్, 1జడ్‌జడ్-ఎఫ్‌ఈ ఇంజన్, కేబుల్ థ్రాటిల్. సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్పీఎం ముల్లు 600కీ 850కీ మధ్య ఊగుతోంది, వణుకు స్టీరింగ్ దాకా తెలుస్తోంది. పీ0171 కోడ్ (లీన్, అంటే గాలికి తగ్గ పెట్రోల్ పడటం లేదు) పెండింగ్‌లో ఉంది. ఇంజన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆపి స్కానర్‌తో తీసిన రీడింగులు ఇవి.

ఐడిల్‌లో: గాలి సెకనుకు 1.6 గ్రాములు, లాంగ్ టర్మ్ ట్రిమ్ (కంప్యూటర్ నేర్చుకుని పెట్రోల్‌కు చేసే సవరణ, శాతంలో) ప్లస్ 19.
2500 ఆర్పీఎం దగ్గర నిలకడగా పట్టుకుంటే: 6 గ్రాములు, లాంగ్ టర్మ్ ప్లస్ 6.

ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ కొత్తవే. ఒక షెడ్డులో ఎయిర్‌ఫ్లో సెన్సర్ కడిగితే పోతుందన్నారు. ఇంకో షెడ్డులో దాన్ని ముట్టుకోవద్దు, గాలి లీకు వెతకాలన్నారు. మీరైతే ఏది ముందు చేస్తారు?

టార్క్‌రెంచ్ (అనంతపురం):
ముందు కడగండి. అరగంట పని, ఒక్క స్ప్రే డబ్బా ఖర్చు. మన రోడ్ల మీద ఎర్రమట్టి, క్రషర్ల దుమ్ము, దానికి తోడు అంచు సరిగా కూర్చోని చవక ఫిల్టర్లు. సెన్సర్ తీగ మీద పొర కట్టకుండా ఎలా ఉంటుంది?

ఆ తీగ ప్లాటినం. దాన్ని బయటి గాలి కంటే ఒక నిర్ణీత వేడి ఎక్కువగా ఉంచాలి. గాలి తగిలి చల్లబడే కొద్దీ కరెంటు ఎక్కువ పోవాలి, ఆ కరెంటును బట్టే కంప్యూటర్ గాలిని లెక్కగడుతుంది. తీగ మీద మట్టి పొర ఉంటే వేడి సరిగా పోదు, వచ్చిన గాలి కంటే తక్కువ చూపిస్తుంది. పెట్రోల్ తక్కువ పడుతుంది, బండి లీన్ అవుతుంది. మీ పీ0171 అదే చెబుతోంది.

పద్ధతి: ఇంజన్ ఆపి అరగంట చల్లారనివ్వండి, తాళం చెవి తీసేయండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే పైప్ మీద ఉంటుంది, రెండు స్టార్ స్క్రూలు. కనెక్టర్ లాక్ వేలితో నొక్కి తీయండి, వైర్లు పట్టి లాగకండి. సెన్సర్‌ను నిటారుగా పైకి లాగండి, దాని మెడ దగ్గర రబ్బరు రింగు జారి పైప్‌లో పడకుండా చూసుకోండి.

చాలామంది పొరపడేది ఇక్కడే. బయటికి వేలాడుతూ కనిపించే చిన్న చుక్క లాంటిది గాలి ఉష్ణోగ్రత చూసే సెన్సర్. అసలు తీగలు లోపల సన్నటి సొరంగంలో ఉంటాయి, టార్చి వేసి వంచి చూస్తేనే కనిపిస్తాయి. బయటి చుక్కను కడిగి, లోపలిది వదిలేసి "ఏం తేడా రాలేదు" అనేవాళ్లే ఎక్కువ. సొరంగం రెండు వైపుల నుంచీ చిన్న చిన్న విడతలుగా 10 నుంచి 15 సార్లు స్ప్రే చేయండి. డబ్బా గొట్టం లోపలికి గుచ్చకూడదు, బడ్స్, బ్రష్షు, గుడ్డ ఏదీ తగలకూడదు. నీడలో 20 నిమిషాలు ఆరనివ్వండి, కంప్రెసర్ గాలి కొట్టకండి. బిగించేటప్పుడు బాణం గుర్తు ఇంజన్ వైపు ఉండాలి. పైప్ ప్లాస్టిక్ కాబట్టి స్క్రూలకు చేతి బిగువు చాలు.

వాక్యూమ్‌గేజ్ (హైదరాబాద్):
టార్క్‌రెంచ్ గారు చెప్పిన పద్ధతిలో తప్పేమీ లేదు. కానీ ఈ బండికి అది మొదటి పని కాదు. స్పానర్14 గారు ఇచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది, ఒక్కసారి లెక్క వేయండి.

సెన్సర్ దాటిన తర్వాత ఎక్కడో సెకనుకు 0.3 గ్రాముల గాలి దొంగదారిన లోపలికి పోతోంది అనుకుందాం. ఐడిల్‌లో సెన్సర్ చూసేది 1.6. అందులో 0.3 అంటే దాదాపు 19 శాతం. 2500 దగ్గర సెన్సర్ చూసేది 6. మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) వాక్యూమ్ అక్కడ కూడా గట్టిగానే ఉంటుంది కాబట్టి లీకు అంతే, 0.3. ఆరులో 0.3 అంటే 5 శాతం. మీ ట్రిమ్‌లు 19, 6. ఇంతకంటే స్పష్టంగా లీకు తన ఊరు పేరు చెప్పదు.

మట్టి పట్టిన సెన్సర్ ఇలా ప్రవర్తించదు. గాలి పెరిగే కొద్దీ దాని లోటు కూడా పెరుగుతుంది. ఐడిల్‌లో ట్రిమ్ మామూలుగా ఉండి, లోడ్ మీద ప్లస్ 12, 15కి పోతుంది. కొన్ని సెన్సర్లు మట్టి పడితే ఐడిల్‌లో ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తాయి, అప్పుడు ట్రిమ్ మైనస్‌లోకి వెళ్తుంది. ఐడిల్‌లో 19, రేస్ చేస్తే 6 అనేది దానికి పూర్తిగా తలకిందులు.

ఇంకో మాట. సెన్సర్ కడిగితే బాగైంది అనేవాళ్లు ఆ అరగంటలో ఇంకేం చేశారో కూడా చూడాలి. పైప్ క్లిప్పు వదులు చేసి మళ్లీ బిగిస్తారు. కనెక్టర్ తీసి పెడతారు, పిన్నుల మీద తుప్పు రాలుతుంది. బ్యాటరీ మైనస్ కూడా తీస్తే లాంగ్ టర్మ్ ట్రిమ్, నేర్చుకున్న ఐడిల్ విలువ రెండూ చెరిగిపోతాయి, కొన్ని రోజులు బండి వేరేలా నడుస్తుంది. పేరు మాత్రం స్ప్రే డబ్బాకు వస్తుంది.

పిస్టన్_గుంటూరు:
ఇంత చర్చ ఎందుకండీ, కనెక్టర్ పీకేసి స్టార్ట్ చేయండి. ఐడిల్ కుదురుకుంటే సెన్సర్ పాడైనట్టు, కుదురుకోకపోతే వేరే ఏదో. షెడ్డుల్లో అందరూ చేసేది ఇదే. కడగడానికి ప్రత్యేకం డబ్బా కూడా అక్కర్లేదు, కార్బ్ క్లీనర్ చాలు.

వాక్యూమ్‌గేజ్:
కనెక్టర్ పీకితే పీ0102 లాంటి కోడ్ పడి కంప్యూటర్ ఫెయిల్‌సేఫ్‌లోకి వెళ్తుంది. అప్పుడది గాలిని కొలవడం మానేసి ఆర్పీఎం, థ్రాటిల్ చూసి ముందే రాసి ఉన్న లెక్కతో పెట్రోల్ వేస్తుంది. ఆ లెక్క కాస్త రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) ఉంటే లీకున్న బండి కూడా కుదురుకుంటుంది, సెన్సర్ దోషి అయిపోతుంది. కొత్త సెన్సర్ కొన్నాక గానీ తెలియదు. పీకినప్పుడు తేడా వస్తే అనుమానానికి ఒక కారణం దొరికినట్టు, రుజువు దొరికినట్టు కాదు.

టార్క్‌రెంచ్:
పీకే పరీక్ష విషయంలో నాదీ అదే మాట. కార్బ్ క్లీనర్ మాత్రం దయచేసి ఎవరూ వాడకండి. వాటిలో అసిటోన్, టోలుయీన్ లాంటివి ఉంటాయి, సెన్సర్ ప్లాస్టిక్‌నూ లోపలి సర్క్యూట్ మీది జెల్‌నూ తినేస్తాయి. బ్రేక్ క్లీనర్ కూడా వద్దు. డబ్బా మీద ఎయిర్‌ఫ్లో సెన్సర్ కోసమని రాసి ఉండాలి. అది దొరకని ఊళ్లో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనికొస్తుంది. చేతుల శానిటైజర్ పనికిరాదు, అందులో గ్లిజరిన్ ఉంటుంది, ఆరాక పొర మిగులుతుంది.

ట్రిమ్ లెక్క ఒప్పుకుంటాను. కానీ స్కానర్ లేనివాళ్ల సంగతేంటి? లీకు వెతకడానికి స్మోక్ మెషిన్ (పొగ పంపి లీకు చూపేది) కావాలి, చిన్న ఊళ్లలో అది ఏ షెడ్డులోనూ ఉండదు. కడగడం ఎవరైనా చేయొచ్చు. సరిగ్గా చేస్తే నష్టం లేదు.

ఓబీడీ_ఖమ్మం:
నష్టం లేదనడం 20 ఏళ్ల బండికి పూర్తిగా నిజం కాదు. కనెక్టర్ లాక్ నాలుక ఎండకు పెళుసై ఉంటుంది, ఒక్కసారి విరిగితే ఆ కనెక్టర్ జన్మలో గట్టిగా నిలవదు, గతుకుల్లో సిగ్నల్ తెగుతుంది. రబ్బరు రింగు గట్టిపడి ఉంటే తీసి పెట్టాక అక్కడే కొత్త లీకు.

స్మోక్ మెషిన్ లేకుండా కూడా లీకు పట్టొచ్చు. ఫిల్టర్ డబ్బా నుంచి థ్రాటిల్ దాకా ఉండే ముడతల పైప్‌ను తీసి, వెలుతురులో సాగదీసి ముడతల లోపల చూడండి. పగులు చాలాసార్లు కింది వైపే ఉంటుంది, పైనుంచి చూస్తే కనిపించదు. ఫిల్టర్ మార్చినప్పుడు క్లిప్పు పక్కకు కూర్చోవడం కూడా మామూలే. తర్వాత ఇంజన్ ఐడిల్‌లో ఉంచి ఒక్కో రబ్బరు పైప్‌ను బనియన్ గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కండి: బ్రేక్ బూస్టర్ పైప్, పీసీవీ పైప్ (ఇంజన్ లోపలి నూనె ఆవిరిని మానిఫోల్డ్‌కు తెచ్చేది), చార్‌కోల్ క్యానిస్టర్ పైప్ (ట్యాంకు పెట్రోల్ ఆవిరిని తెచ్చేది). ఏది నొక్కితే షార్ట్ టర్మ్ ట్రిమ్ (కంప్యూటర్ అప్పటికప్పుడు చేసే సవరణ) ఒక్కసారిగా పడిపోతుందో ఆ దారిలో లీకు ఉంది. పీసీవీ నొక్కితే మంచి బండిలో కూడా ఐడిల్ కాస్త మారుతుంది, దానికి కంగారు పడొద్దు.

మానిఫోల్డ్ గాస్కెట్ అంచున నీళ్లు సన్నగా స్ప్రే చేస్తే లీకున్న చోట ఐడిల్ ఒక్క క్షణం మారుతుంది. వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ చల్లి లీకు వెతికే అలవాటు మానుకోవాలి. ఎగ్జాస్ట్ మీద పడితే మంట లేస్తుంది.

డాలస్_కరోలా:
ఇక్కడ అమెరికాలో ఇదే 1జడ్‌జడ్ ఇంజన్ లక్షల్లో తిరిగింది, చలికాలం రాగానే పీ0171 ఫిర్యాదులు మొదలవుతాయి. కారణం ఎక్కువగా ఇంటేక్ మానిఫోల్డ్ గాస్కెట్. రబ్బరు గట్టిపడి చలికి కుంచించుకుంటుంది, ఇంజన్ వేడెక్కాక మళ్లీ మూసుకుంటుంది. ఉదయం స్టార్ట్ చేయగానే వణుకు ఎక్కువగా ఉండి పది నిమిషాల్లో తగ్గుతుంటే ముందు దాన్నే అనుమానించాలి. స్పానర్14 గారి బండి వేడెక్కాక కూడా వణుకుతోంది కాబట్టి పైప్‌లు ముందు చూడటమే మంచిది.

ఖమ్మం_డీజిల్:
ఈ చర్చ చదివి తమ బండిలో ఎయిర్‌ఫ్లో సెన్సర్ వెతికేవాళ్లకు ఒక మాట. మన దగ్గర చిన్న పెట్రోల్ బండ్లలో చాలావాటికి అది ఉండనే ఉండదు, మ్యాప్ సెన్సర్ ఉంటుంది. అది మానిఫోల్డ్ ఒత్తిడి చూసి గాలిని లెక్కగడుతుంది. అలాంటి బండిలో లీకైన గాలి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది, అందుకని లీన్ అవడం కంటే ఐడిల్ పైకి లేవడమే ఎక్కువ. లక్షణమే వేరు.

కామన్ రైల్ డీజిల్‌లో ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్నా దాని ముఖ్యమైన పని ఈజీఆర్‌ను (ఎగ్జాస్ట్ గ్యాస్‌ను కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వ్) అదుపు చేయడం, పొగ రాకుండా డీజిల్‌కు హద్దు పెట్టడం. పాడైతే పికప్ పోతుంది. ఐడిల్ వణుకుతుంటే ముందు ఇంజెక్టర్ల లీక్ ఆఫ్ పరీక్ష (ఒక్కో ఇంజెక్టర్ నుంచి ఎంత డీజిల్ వెనక్కి పోతోందో చూడటం) చేయించండి.

బయట సీఎన్‌జీ కిట్ వేయించిన పెట్రోల్ బండ్లకు ఇంకో చిక్కు ఉంది. గ్యాస్ ట్యూనింగ్ సరిగా లేకపోతే గ్యాస్ మీద నేర్చుకున్న ట్రిమ్ పెట్రోల్ మీదికి మారినప్పుడు కూడా అలాగే ఉండిపోయి ఐడిల్ చెడుతుంది. వాళ్లు ఏ సెన్సరూ విప్పకముందు గ్యాస్ ట్యూనింగ్ చూపించుకోవాలి.

ఓబీడీ_ఖమ్మం:
ఒక్క సిలిండరే మిస్ కొడుతుంటే కూడా ఎయిర్‌ఫ్లో జోలికి పోవద్దు. ఆ సెన్సర్ నాలుగు సిలిండర్లకూ ఒక్కటే, అది చెడితే నాలుగూ చెడాలి. పీ0301 నుంచి పీ0304 దాకా ఏదో ఒక్కటే పడితే ఆ సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్‌ను పక్కదానితో మార్చి చూడండి. కోడ్ కూడా వెంట పోతే కాయిలే.

స్పానర్14:
పైప్‌లు ఒక్కొక్కటీ నొక్కి చూశాను. పీసీవీ పైప్ దగ్గర షార్ట్ టర్మ్ ట్రిమ్ బాగా పడిపోయింది. తీసి చూస్తే మానిఫోల్డ్ వైపు మలుపులో, కింది భాగాన పగులు, వంచితే నోరు తెరుచుకుంటోంది. రబ్బరు లోపల నూనెకు ఉబ్బి మెత్తగా అయింది. కొత్త పైప్ వేశాక ఐడిల్‌లో గాలి 2 గ్రాములు, లాంగ్ టర్మ్ ప్లస్ 4కి దిగింది. వణుకు పోయింది. ఏసీ వేసినప్పుడు మాత్రం ఆర్పీఎం ఒక్కసారి 550కి పడి లేస్తోంది. ఇప్పుడైనా సెన్సర్ కడగనా?

టార్క్‌రెంచ్:
కడగండి. ఇన్నాళ్లూ పీసీవీ దారి దెబ్బతిని ఉంది, ఇంటేక్ పైప్‌లోకి నూనె ఆవిరి వెనక్కి వచ్చి ఉంటుంది. ఇంజన్ ఆపాక ఆ ఆవిరి సెన్సర్ దాకా చేరుతుంది, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది. ఎయిర్ ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ కడగాలనే నా అభిప్రాయం మారలేదు. నూనె పూసే కాటన్ ఫిల్టర్లు వాడేవాళ్లయితే తప్పనిసరి.

వాక్యూమ్‌గేజ్:
ఏసీ వేసినప్పుడు పడి లేవడం ఎయిర్‌ఫ్లో పని కాదు. కేబుల్ థ్రాటిల్ బండి కాబట్టి థ్రాటిల్ బాడీ కింద ఐడిల్ కంట్రోల్ వాల్వ్ ఉంటుంది. అందులో కార్బన్ కడితే కంప్రెసర్ లోడ్ పడగానే అది వేగంగా తెరుచుకోలేదు. థ్రాటిల్ బాడీ తీసి, వాల్వ్ విప్పి, థ్రాటిల్ క్లీనర్‌తో కడగండి. ఇక్కడ బ్రష్షు వాడొచ్చు, కానీ కాయిల్ వైపు క్లీనర్ పోకూడదు. బిగించేటప్పుడు గాస్కెట్ కొత్తది వేయండి. తర్వాత కొంతసేపు ఐడిల్ ఎక్కువగా ఉంటుంది, కార్బన్ ఉన్నప్పటి లెక్క కంప్యూటర్‌లో ఇంకా ఉంటుంది కాబట్టి. బ్యాటరీ మైనస్ తీసి పెట్టి, ఇంజన్ వేడెక్కేదాకా ఏసీ లేకుండా, ఆ తర్వాత ఏసీతో కాసేపు ఐడిల్‌లో వదిలేయండి.

సెన్సర్ కడగాలా వద్దా అన్నది ఊహతో తేల్చక్కర్లేదు, కొలవండి. ఖాళీ రోడ్డు మీద రెండో గేరులో 2500 నుంచి 6000 దాకా పూర్తిగా తొక్కి, గాలి రీడింగ్ రికార్డు చేయండి. 1.8 లీటర్ల ఇంజన్ 6000 దగ్గర సెకనుకు 90 లీటర్ల గాలి పీల్చాలి. మన వేడిలో లీటరు గాలి సుమారు 1.15 గ్రాములు. సిలిండర్లు 85 శాతం నిండాయనుకుంటే 88 గ్రాములు. మీకు 80 పైన వస్తే సెన్సర్ శుభ్రంగానే ఉంది, దాని జోలికి వెళ్లొద్దు. 65 కూడా దాటకపోతే అప్పుడు టార్క్‌రెంచ్ గారు చెప్పినట్టే కడిగి, మళ్లీ అదే రోడ్డు మీద కొలవండి. అప్పటికీ పెరగకపోతే ఎగ్జాస్ట్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందేమో చూడాలి.