అప్‌డేట్: తిండి మానేసిన కుందేలు, కారణం పన్ను

ఊరెళ్లిన స్నేహితురాలి కుందేలు మా ఇంట్లో ఉందని, తిండి మానేసిందని, పెంటికలు చిన్నవైపోయి దాదాపు ఆగిపోయాయని, మూత్రం ఎర్రగా వస్తోందని, యజమాని మీద బెంగో ఏసీ చలో కారణమా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ఇప్పుడు బాగుంది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"12 గంటలు తినకపోతే ఇక ఆగొద్దు, కుందేళ్లను చూసే డాక్టర్ దగ్గరికే వెళ్లండి" అన్న సలహానే దాన్ని కాపాడింది. కొత్తిమీర రెమ్మ నోట్లో పెట్టుకుని వదిలేస్తోందని, గడ్డం కింద బొచ్చు తడిగా ఉంటోందని చెప్పగానే డాక్టర్ నోరు చూశారు. దవడ పన్ను ఒకటి మొనదేలి నాలుకను కోస్తోంది! కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఎండుగడ్డి బాగా నమిలితేనే అరుగుతాయి. నొప్పికి తినకపోవడంతో పేగుల కదలిక కూడా మందగించింది. మత్తిచ్చి ఆ మొన అరగదీశారు. నొప్పి తగ్గే మందు రాసిచ్చి, నానబెట్టిన పెల్లెట్లను (కుందేళ్లకు పెట్టే గుళికల మేత) మెత్తగా చేసి సిరంజితో నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా పట్టించమన్నారు. మళ్లీ పెంటికలు కనబడగానే ప్రాణం లేచొచ్చింది.

ఎర్రటి మూత్రం రక్తం కాదని పరీక్షలో తేలింది, అది ఆకుకూరల వల్ల వచ్చే రంగు. యజమాని మీద బెంగ, ఏసీ చలి కూడా కారణం కాదు. పళ్లు మళ్లీ పెరుగుతాయి కాబట్టి అప్పుడప్పుడూ చూపిస్తుండాలని స్నేహితురాలికి చెప్పాను.