మోటార్‌హోమ్ బయటి డిక్కీలకు ఇన్సులేషన్ అవసరమా, వృథా ప్రయాసా?

చక్రాలఇల్లు:
మా మోటార్‌హోమ్ పక్కల ఉన్న బయటి డిక్కీలకు ఒంటి పొర అల్యూమినియం రేకు తలుపులు తప్ప మరే రక్షణా లేదు. మంచినీళ్ల ట్యాంకు, పంపు, వాడిన నీళ్లు వదిలే వాల్వులు ఒక డిక్కీలోనూ, లిథియం బ్యాటరీలు రెండో దానిలోనూ, గ్యాస్ సిలిండర్లు మూడో దానిలోనూ ఉన్నాయి. రాత్రిపూట ఉష్ణోగ్రత సున్నా కంటే కిందికి దిగే చోట్ల చలికాలం గడపాలనుకుంటున్నాము. తలుపుల లోపలివైపునా, డిక్కీ నేల మీదా 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (గట్టి పాలీస్టైరిన్) ఫోమ్ బోర్డు అతికిస్తే ప్రయోజనం ఉంటుందా?

రెంచీ:
ఇన్సులేషన్ వేడిని పుట్టించదు, ఉన్న వేడి త్వరగా పోకుండా చూస్తుంది, అంతే. డిక్కీలోకి ఎక్కడి నుంచీ వేడి రానప్పుడు మీరు అతికించే బోర్డు వల్ల నీళ్లు గడ్డకట్టడం కొన్ని గంటలు ఆలస్యమవుతుందే గాని ఆగదు. పైగా నేను విప్పి చూసిన డిక్కీల్లో, రేకు గుండా పోయే వేడి కంటే తలుపు చుట్టూ నలిగిన రబ్బరు బీడింగు సందుల్లోంచీ, పైపులు దిగే రంధ్రాల్లోంచీ పోయేదే పెద్ద సమస్యగా కనిపించింది. ముందు బీడింగు సంగతి చూడండి. తలుపు సందులో కాగితం ముక్క ఉంచి, మూసి, లాగండి. అది సులువుగా జారి వచ్చిన చోటల్లా చలిగాలి దూరుతున్నట్లే.

దూరపుబాటసారి:
రెంచీ గారు చెప్పినది సగమే. బయటికి 2 చదరపు మీటర్ల రేకు ఉన్న డిక్కీని తీసుకుందాం. లోపలికీ బయటికీ 15 డిగ్రీల తేడా ఉంటే ఒట్టి రేకు గుండా సుమారు 175 వాట్ల వేడి పోతుంది. దానికి 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు ఆనిస్తే ఆ నష్టం దాదాపు 32 వాట్లకు తగ్గుతుంది. పన్నెండు గంటల రాత్రికి మొదటిది రెండు యూనిట్ల కరెంటు దాటితే, రెండోది అర యూనిట్ కూడా కాదు. 12 వోల్టుల 100 యాంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ మొత్తంలో దాచుకోగలిగినదే సుమారు 1.28 యూనిట్లు. వేడి ఇవ్వాలన్న మాట నిజమే కాని, ఇన్సులేషన్ లేకుండా రాత్రంతా అంత వేడి ఇచ్చే స్తోమత అటువంటి ఒక్క బ్యాటరీకి ఉండదు.

మంచుదారి:
సిలిండర్ల డిక్కీ అడుగున ఉన్న రంధ్రాలను మాత్రం ఏ కారణంతోనూ మూయవద్దు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువైనది. లీకైతే కిందికే దిగుతుంది, అది బయటికి పోయే దారి అదొక్కటే.

వానచినుకు:
మేము తలుపులకు బుడగల ఫాయిలు అతికించాము. సన్నగా ఉంటుంది, కత్తెరతో కోయవచ్చు, లోపలి చోటు తగ్గదు.

రెంచీ:
ఆ ఫాయిలు గురించి అందరూ ఇదే చెబుతారు. మెరిసే పొర వేడిని తిప్పి పంపాలంటే దాని ముందు కనీసం రెండు సెంటీమీటర్ల నిశ్చలమైన గాలి ఖాళీ ఉండాలి. దానిని రేకుకు నేరుగా అతికించి ముందు సామాను ఆనించి పెట్టాక మిగిలేది కొన్ని మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బుడగలు మాత్రమే.

వానచినుకు:
మాకు పనిచేసింది.

రెంచీ:
పనిచేసిందని ఎలా తెలిసింది? లోపల ఒక థర్మామీటరు, బయట ఒకటి పెట్టి చూశారా?

వానచినుకు:
పైపు పగలలేదు. అంతకు మించిన థర్మామీటరు నాకు అక్కరలేదు.

దూరపుబాటసారి:
ఫాయిలు మీద ఇంత చర్చ దేనికి? అడిగినది ఎక్స్‌పీఎస్ గురించి.

రెంచీ:
సరే, ఎక్స్‌పీఎస్ గురించే చెబుతాను. మీ 32 వాట్ల లెక్కలో గాలి లేదు. సెకనుకు రెండు లీటర్ల చలిగాలి దూరినా, అదే 15 డిగ్రీల తేడాకు మరో 36 వాట్లు పోతాయి. అంటే బీడింగు బాగా లేకపోతే మీ బోర్డు మిగిల్చిన తర్వాత కూడా నష్టం రెట్టింపవుతుంది. ఇక ఫోమ్ వెనుక జరిగేది ఎవరూ చూడరు. ఇరవై డిగ్రీల గదిలో తేమ అరవై శాతం ఉంటే, ఆ గాలి పన్నెండు డిగ్రీల చల్లని రేకును తాకగానే నీరవుతుంది. మా బండికి ఒక వర్క్‌షాపు వారు డిక్కీ అంతటా స్ప్రే ఫోమ్ కొట్టారు. అది ఉబ్బి తలుపు రేకును బయటికి తోసింది, పంపు వైరు దానిలో కూరుకుపోయింది, కింద ప్లైవుడ్ నానిపోయి చేతికి ముక్కలుగా వచ్చింది. డబ్బు తీసుకున్నవారు మళ్లీ ఫోను ఎత్తలేదు.

దూరపుబాటసారి:
మీకు చేసిన పాడుపనికి ఆ వర్క్‌షాపును తిట్టండి, ఫోమ్‌ను కాదు. ప్రశ్న అడిగిన ప్రతివారికీ మీరు మీ కుళ్లిన ప్లైవుడ్‌నే చూపిస్తున్నారు.

రెంచీ:
మీరేమో ఎవరేది అడిగినా వాట్లు లెక్కకట్టి ఇస్తున్నారు. బండి కింద పడుకుని ఒక్క బోల్టైనా విప్పిన వారి మాట కాదిది.

మంచుదారి:
ఇద్దరూ వ్యక్తిగత మాటలు ఆపండి, దయచేసి.

దూరపుబాటసారి:
ఆపుతాను, కాని ఒక్కటి సూటిగా అడుగుతాను. డిక్కీ వెచ్చగా ఉండాలన్న ఆలోచనే మీకు ఇష్టం లేదు, అవునా కాదా?

రెంచీ:
అవును, లేదు. నా దృష్టిలో డిక్కీ బయటి చోటు. ఇల్లు నేల ప్లైవుడ్ దగ్గర ముగుస్తుంది. ఇన్సులేషన్ ఆ నేలకు వేయాలి, నీళ్ల పైపులను నేలకు పైకి, మంచం కిందికో సింకు కిందికో మార్చుకోవాలి, డిక్కీ తన మానాన తాను చల్లగా, పొడిగా ఉండాలి. గాలి ఆడే డిక్కీలో తేమ నిలవదు. రెంటికీ నడుమ సగం వెచ్చగా, సగం తడిగా ఉంచితేనే అన్నీ పాడవుతాయి.

దూరపుబాటసారి:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం వచ్చేవాళ్లం కాదు. ట్యాంకునూ వాల్వులనూ పైకి మార్చడం వీలు కాదు కాబట్టి, ఆ ఒక్క డిక్కీని నేను ఇంట్లో కలుపుకుంటాను: తలుపుకూ, గోడలకూ, అడుగుకూ ఫోమ్, పైన నేలకు మాత్రం ఏమీ వేయకుండా, హీటరు గాలి గొట్టం నుంచి ఒక పాయ కిందికి. నేలకు ఇన్సులేషన్ ఉంచి, కింద తలుపుకు కూడా వేసే వారి డిక్కీకి పైనుంచి వేడి అందదు. అటువంటి బండ్ల విషయంలో మీరు మొదట చెప్పినదే జరుగుతుంది. బ్యాటరీల విషయంలో మాత్రం మీతో ఏకీభవించను. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నాకు దిగువన ఛార్జి చేయకూడదు, కనుక దానినీ బయట వదిలేయలేము.

రెంచీ:
బ్యాటరీలను మంచం కిందికి మార్చవచ్చు. వైర్లు పొడవవుతాయి, దానికి తగిన మందం వాడాలి.

చక్రాలఇల్లు:
ఇప్పుడే డిక్కీలోకి తల పెట్టి చూశాను. నీళ్ల డిక్కీ పైన నేలకు ఒట్టి ప్లైవుడ్ తప్ప ఏమీ లేదు, హీటరు గొట్టం దాని పక్కగానే పోతోంది. అందుకని ఆ ఒక్కదానికే బీడింగు మార్చి, బోర్డు వేసి, గొట్టం పాయ తీస్తాను. సిలిండర్ల వైపు వెళ్లను. బ్యాటరీల సంగతి ఇంకా తేల్చుకోలేదు. డిక్కీ గోడ వెంబడి పంపు వైర్లు ఉన్నాయి, వాటి మీదుగానే బోర్డు అతికించవచ్చా?

మంచుదారి:
వద్దు. పీవీసీ తొడుగున్న వైరు పాలీస్టైరిన్‌ను తాకుతూ ఉంటే, తొడుగును మెత్తగా ఉంచే పదార్థం ఫోమ్‌లోకి పోయి, కాలక్రమంలో తొడుగు పెళుసెక్కుతుంది. వైర్లను ముందు గట్టి కాండ్యూట్ పైపులో వేయండి. జిగురు కూడా చూసి కొనండి. సాల్వెంటు ఉన్న జిగురు ఎక్స్‌పీఎస్‌ను కరిగిస్తుంది. బోర్డు వెనుక ఖాళీ మిగలకుండా పూర్తిగా పూయండి, రెంచీ గారు చెప్పిన తేమ చేరేది అక్కడే.