అప్‌డేట్: 76 ఎంఎం టెలిస్కోపులో గురుడు ముద్దలా కనిపిస్తున్నాడన్న సమస్య తీరింది

నాలుగు నెలల క్రితం ఇక్కడే అడిగాను. 76/700 రిఫ్లెక్టర్‌కి (76 ఎంఎం అద్దం, 700 ఎంఎం ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోపు) 4 ఎంఎం ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం), దానికి 3ఎక్స్ బార్లో (బొమ్మను ఇంకో మూడు రెట్లు పెంచే కటకం) తగిలిస్తే గురుగ్రహం అలికేసినట్టు ఉంటోంది, ఏ ఐపీస్ కొనమంటారు అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు లెక్క వేసుకో" అన్నాయన మాటే నిజమైంది. ఫోకల్ లెంగ్త్ 700ని ఐపీస్ 4తో భాగిస్తే 175 రెట్లు, బార్లోతో 525 రెట్లు. 76 ఎంఎం అద్దం మహా అయితే 150 వరకు మోస్తుంది. అంటే ఐపీస్ మార్చినా లాభం లేదు, డబ్బాపై రాసిన అంకెలు చూసి నేనే మోసపోయాను.

చివరికి సెకండ్ హ్యాండ్‌లో 6 అంగుళాల డాబ్సోనియన్ (తేలిగ్గా తిరిగే పెట్టెలాంటి స్టాండుపై కూర్చునే అద్దం టెలిస్కోపు) తీసుకున్నాను, ఫోకల్ లెంగ్త్ 1200. దాంతో 25, 10 ఎంఎం ఐపీసులు వచ్చాయి. నేను కొన్నది ఒక్కటే, చూపు వెడల్పు 66 డిగ్రీలుండే 6 ఎంఎం ఐపీస్. గాలి నిలకడగా ఉన్న రాత్రి 200 రెట్లలో గురుడి పట్టీలు విడివిడిగా కనిపించాయి. మామూలు రోజుల్లో మాత్రం 10 ఎంఎమ్మే హాయి.

మొదటి రాత్రి ఇందులోనూ మసకే! గుండె జారింది. తీరా చూస్తే కొలిమేషన్ (అద్దాల అమరిక) తప్పింది, పైగా ఏసీ గదిలోంచి తెచ్చి, అద్దం బయటి వేడికి సర్దుకోకముందే చూశాను. ఇప్పుడు అరగంట ముందే డాబా మీద పెడుతున్నాను.

రంగు ఫిల్టర్ల సెట్ దండగ. హైదరాబాద్ వీధిదీపాలనూ అనవసరంగా తిట్టుకున్నాను, గ్రహాలకు వాటితో పెద్ద ఇబ్బంది లేదు. పాతది 20 ఎంఎంతో మా మేనల్లుడికిచ్చాను, చందమామకి భేషుగ్గా ఉంది. బార్లో మాత్రం ఇవ్వలేదు.